రాణిగారి ఫోటోలు కాదు, బడి గురించి రాయి

అమ్మాయ్,

నీ వ్యాసం చదివాను. అఫ్గాన్ రాణి సురయ్యా గురించి తెలుగులో రాయాలనుకోవడం నాకు నచ్చింది, శైలి కూడా బాగుంది. కానీ సగం వ్యాసం 1928 యూరప్ పర్యటనలో ఆవిడ గౌన్లకీ, టోపీలకీ, ముసుగు లేని ఫోటోలకే పోయింది. 1921లో కాబూల్లో తెరిచిన మస్తూరాత్ బాలికల బడికి మాత్రం ఒక్కటంటే ఒక్క వాక్యం! ఒళ్లు మండిపోయింది నాకు.

అమానుల్లా రాజు, ఆయన భార్య సురయ్యా తలుచుకున్నారు, బడి వచ్చేసింది అన్నట్టు రాశావు. బడి అలా రాదమ్మా. పిల్లని గడప దాటించడానికి ఆ తండ్రిని ఎవరు ఒప్పించారు, పాఠం ఎవరు చెప్పారు, అదీ రాయాల్సింది. సురయ్యా తండ్రి మహమూద్ తర్జీ 'సిరాజ్ అల్ అఖ్బార్' అనే కాబూల్ పత్రిక సంపాదకుడు. తల్లి అస్మా రస్మియా ఆ బడి బాధ్యత చూసింది, అదే ఏడాది 'ఇర్షాద్-ఎ-నిస్వాన్' అని ఆడవాళ్ల కోసం పత్రిక కూడా నడిపింది. ఇంత పని చేసిన ఆ తల్లి పేరే నీ వ్యాసంలో లేదు.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక జమీందారు భార్య పెట్టించిన ఆడపిల్లల బడి గురించి రాశాను. అక్కడి పాత హాజరు పట్టీలో పెళ్లయి మానేసిన పిల్లల పేర్లు ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి, నెలనెలా ఆ ఎర్ర గీతలు పెరుగుతూ పోయాయి. నా వ్యాసమంతా ఆ పట్టీ మీదే. వారపత్రిక ఎడిటర్‌గారు అదంతా తీసేసి, దొరసానిగారు నగలతో ఉన్న ఫోటో ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు. ఫోటో అచ్చయింది, పట్టీ ఎగిరిపోయింది. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఇప్పుడు 'స్ఫూర్తినిచ్చే మహిళలు' అని శీర్షికలు పెట్టేవాళ్లూ అదే పని చేస్తున్నారు, నువ్వు వాళ్ల కోసం రాయకు.

టర్కీకి చదువుకోవడానికి వెళ్లిన అమ్మాయిల్ని వెనక్కి పిలిపించేశారని చివర్లో ఎక్కడో అన్నావు చూడు, అక్కడ మాత్రం నాకు కళ్లు చెమ్మగిల్లాయి. వాళ్లు వెళ్లింది 1928లో. తూర్పు అఫ్గాన్‌లో షిన్వారీ తెగవాళ్లు రాజు మీద తిరగబడ్డారు, 1929 జనవరిలో అమానుల్లా గద్దె దిగాడు, తిరుగుబాటు నాయకుడు హబీబుల్లా కలకానీ వచ్చి ఆడపిల్లల బళ్లు మూయించాడు. నువ్వేమో వెంటనే సురయ్యా ప్రవాసంలోకి వెళ్లిపోయావు. బొంబాయిలో కూతురు పుట్టడం, ఆ పాపకి ఇండియా అని పేరు పెట్టుకోవడం, రోమ్‌లో బతికి 1968లో పోవడం, అన్నీ నిజమే, బాధాకరమే. కానీ ఆవిడకి తలదాచుకోవడానికి రోమ్ ఉంది. సగం చదువుతో ఇంటికొచ్చిన ఆ పిల్లలకి ఏముంది?

ఇంకోటి కూడా వదిలేశావు. 1924లో ఆడవాళ్లకని ప్రత్యేకంగా ఆసుపత్రి పెట్టారు కదా, కలకానీ తర్వాత రాజైన నాదిర్ షా కాలంలో ఆడపిల్లల చదువు మళ్లీ మొదలైంది ఆ ఆసుపత్రి చాటునే, నర్సులకీ మంత్రసానులకీ శిక్షణ అనే పేరుతో. రాణి దేశం విడిచి వెళ్లిపోయాక కూడా పనికొచ్చింది అది! 2021 నుంచి అక్కడ ఆడపిల్లలకి ఆరో తరగతి దాటి బడి లేదు, కాబట్టి ఇది పాత కథ అనుకుని రాయొద్దు.

కలం పేరు, పోటీల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ టర్కీ అమ్మాయిల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. వాళ్లేమయ్యారో దొరికినంత వెతుకు, దొరకనిచోట దొరకలేదనే రాయి, కల్పించకు. దసరా లోపు పంపితే చదివి చెప్తాను.