పెద్ద కైట్ కొంటే ఎక్కువ ఎత్తు ఎగరగలమా? నా అనుభవం

రెండు సీజన్ల నుంచి కైట్‌బోర్డింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీటిపై జారే ఆట) చేస్తున్నానని, రెండు వైపులా గాలికి ఎదురు వెళ్లడం వచ్చేసిందని, జంప్ చేస్తే మాత్రం 2 మీటర్లు దాటడం లేదని రాశారు. 12 మీటర్ల (అంటే 12 చదరపు మీటర్ల విస్తీర్ణం ఉన్న) కైట్ బదులు ఇంకా పెద్దది కొంటే ఎత్తు పెరుగుతుందా అని అడిగారు. కొనకండి. నేనూ అచ్చం అక్కడే ఏడాదిన్నర ఆగిపోయాను. తప్పంతా నా కాళ్ల కింద జరుగుతోందని తెలియడానికే అంతకాలం పట్టింది.

నేనుండేది హైదరాబాదులో. సెలవు దొరికితే రామేశ్వరం వెళ్లిపోతాను. ఎండాకాలం మొదలుకొని సెప్టెంబరు దాకా అక్కడ నైరుతి గాలి బాగా వీస్తుంది. మండపం వైపు లగూన్‌లో, అంటే సముద్రపు నీళ్లు నిలిచే లోతు తక్కువ మడుగులో, అలలుండవు, నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి. జంప్ నేర్చుకోవడానికి మనకు దగ్గర్లో అంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు. లోతు మాత్రం చూసుకోవాలి. మోకాలి లోతు నీళ్లలో ఎత్తు జంపులు ప్రయత్నించొద్దు, పడితే నేల తగులుతుంది.

ఒకరోజు నాతో వచ్చిన స్నేహితుడు ఒడ్డు నుంచి ఫోన్లో నా జంపులు తీశాడు. రాత్రి గదిలో కూర్చుని ఫ్రేము ఫ్రేముగా జరిపి చూశాం. కైట్ పైకి వెళ్తోంది, బోర్డు వెనక నీటి తుంపర విసనకర్రలా లేస్తోంది. కైట్ నెత్తి మీదికి వచ్చేసరికి ఆ తుంపర పలచబడింది, ఆగిపోయింది. నేను ఇంకా నీటి మీదే ఉన్నాను! బోర్డు చదునుగా పడుకుని కైట్ వైపు జారుతోంది. ఆ తర్వాత నాలుగైదు ఫ్రేములకు గాని నేను గాల్లోకి లేవలేదు. మిగతా జంపులు కూడా చూశాం, అన్నిట్లో అదే. కైట్ లాగడం మొదలుపెట్టగానే భయంతోనో ఆత్రంతోనో కాళ్లు వదిలేస్తున్నాను. అంత గాలి బలం అక్కడే కారిపోతోంది.

సంక్రాంతికి మేడ మీద పతంగి ఎగరేసిన వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మాంజా బిగించి లాగితే పతంగి సర్రున పైకి లేస్తుంది. ఢీల్ వదిలితే తేలుతూ వెనక్కి పోతుంది. మన ఆటలో మాంజా పట్టుకున్న చెయ్యి బోర్డే. అంచు మీద నిలబడి నీటిని కోస్తున్నంతసేపు లైన్లు బిగుతుగా ఉంటాయి. బోర్డు చదునైన మరుక్షణం మీరు కైట్ వైపు జారిపోతారు, అంటే మీరే ఢీల్ ఇచ్చినట్టు. ఇక అది దేన్ని ఎత్తాలి?

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. కుడివైపు వెళ్తున్నానంటే కైట్ గడియారంలో 1 గంట దగ్గర ఉంటుంది (సరిగ్గా నెత్తి మీద 12 అనుకోండి). ముందు కాస్త గాలివాటుగా వదిలి వేగం తెచ్చుకుంటాను. అంచు మీద ఆపుకోగలిగినంత వేగమే తీసుకోవాలి, అంతకుమించితే ఉపయోగం లేదు. తర్వాత బార్ (కైట్‌ని నడిపే చేతికర్ర) కొద్దిగా ముందుకు వదిలి, వెనక చేత్తో గట్టిగా లాగి కైట్‌ని 12 వైపు పంపుతాను. సరిగ్గా ఆ క్షణం నుంచే మడమలతో బోర్డుని గాలికి ఎదురు తిప్పడం మొదలుపెట్టాలి. నీటి మీద మీ జాడ తిన్నని గీతలా కాక కొడవలిలా వంగాలి. ఒళ్లు వెనక్కి వాల్చి, మోకాళ్లు కొంచెం వంచి, కైట్ ఎంత లాగుతుంటే అంత గట్టిగా కూర్చోవాలి. లేచిపోదామని ఒళ్లంతా చెబుతుంది. వినొద్దు. ఇంకో అర సెకను ఆగండి. హార్నెస్ (కైట్ లాగుడు ఒంటి మీద పడేలా నడుముకి కట్టుకునే పట్టీ) హుక్ నడుము దగ్గర పైకి పీకుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది, అప్పుడు కాళ్లు ఒక్కసారిగా చాచి, బార్ పూర్తిగా దగ్గరికి లాక్కోండి. ఆ అర సెకనులోనే ఉంది మీరు అడిగిన ఎత్తు.

జంప్ ఎత్తు కొలిచే, బోర్డుకి బిగించే వూ పరికరం నా దగ్గర ఉంది. వీడియో చూడకముందు నా అత్యధికం 2.8 మీటర్లు. అదే 12 మీటర్ల కైట్, అదే లగూన్, దాదాపు అంతే గాలి. ఆ అర సెకను ఆగడం అలవాటయ్యాక నాలుగో రోజు 4.3 చూపించింది. ఒడ్డుకొచ్చి ఆ అంకె చూసుకుని ఇసకలో కూర్చుండిపోయాను.

మధ్యలో ఒక దెబ్బ కూడా తిన్నాను. మీరు తినకుండా ఉండాలని చెబుతున్నాను. ఎత్తు వస్తోందన్న ఉత్సాహంలో కైట్‌ని మరీ వెనక్కి, 10 గంటల దాకా పంపేశాను. పైకైతే లేచాను, కానీ కైట్ నెత్తి మీద లేదు, వెనక ఉంది. దాని కింద ఉయ్యాలలా ఊగి, పక్కకి తిరిగి, పక్కటెముకల మీద పడ్డాను. రెండు వారాలు నవ్వితే నొప్పి. పదకొండున్నర దాటనివ్వకండి. గాల్లోకి లేచాక బార్ దగ్గరే ఉంచి, ముందు చేత్తో మెల్లగా లాగి కైట్‌ని తిరిగి నెత్తి మీదికి తెచ్చుకోవాలి. మోకాళ్లు కడుపు దగ్గరికి ముడుచుకుంటే ఒళ్లు అటూఇటూ ఊగదు. చూపు కైట్ మీద కాదు, దిగబోయే చోటు మీద ఉండాలి. భయపడి బార్ వదిలేస్తే మాత్రం రాయిలా పడతారు.

ఇక పెద్ద కైట్ సంగతి. పెద్ద కైట్ నెమ్మదిగా తిరుగుతుంది, అందుకే జంప్‌కి పంపేటప్పుడు ఆలస్యం చేస్తుంది. గాలి ఎత్తే బలం గాలి వేగం వర్గంతో (వేగాన్ని వేగంతోనే గుణించినంతగా) పెరుగుతుంది. 18 నాట్ల గాలి 25 నాట్లయితే అదే కైట్ దాదాపు రెట్టింపు బలంతో లాగుతుంది. ఎత్తు కావాలంటే బలమైన గాలిలో చిన్న కైట్‌తో స్థిరంగా అంచు పట్టడం నేర్చుకోవాలి. 2017లో డెన్మార్క్ కైట్‌బోర్డర్ నిక్ జేకబ్‌సన్ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 28.6 మీటర్లు ఎగిరాడు, వూలో నమోదైంది. ఆ తర్వాత ఇంకొందరు అదీ దాటేశారు. ఆ ఊళ్లో వేసవిలో వీచే ఆగ్నేయ గాలి 30 నాట్లు దాటడం మామూలే. అక్కడ పోటీపడే వాళ్ల చేతుల్లో ఉండేవి ఎక్కువగా 8, 9 మీటర్ల కైట్లే. మీ బరువు 75 కిలోల దరిదాపుల్లో ఉండి, కొనాలనే ఉంటే 9 మీటర్లది చూడండి. అది కూడా 12తో 4 మీటర్లు నిలకడగా వచ్చాకే.

దిగడం గురించి అడగలేదు గానీ, ఎత్తు పెరిగేకొద్దీ అదే ముఖ్యం. కిందికి వస్తున్నట్టు తెలియగానే ముందు చేత్తో కైట్‌ని వెళ్తున్న దిశలోకి గట్టిగా తిప్పండి. అది కిందికి దూకుతూ మిమ్మల్ని ముందుకు లాగుతుంది, పడే వేగం అందులో కలిసిపోతుంది. బోర్డు ముక్కు గాలివాటుకి తిప్పి, మోకాళ్లు మెత్తగా వంచి దిగాలి. నేను మొదట్లో బోర్డుని అడ్డంగా పెట్టి దిగేదాన్ని, ప్రతిసారీ నడుము అదిరిపోయేది. జంప్ చేసిన ప్రతిసారీ గాలివాటుకి చాలా దూరం కొట్టుకుపోతాం కాబట్టి ఆ వైపు కనీసం 50 మీటర్లు ఖాళీ నీళ్లుండాలి. మనిషి, పడవ, వల కట్టిన కర్ర ఏదీ ఉండకూడదు. హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (పడినప్పుడు ఛాతీకి, పక్కటెముకలకు దెబ్బ తగలకుండా వేసుకునే మందపాటి జాకెట్టు) లేకుండా ఇది మొదలుపెట్టొద్దు.

ఈసారి వెళ్లినప్పుడు ఎవరితోనైనా మీ జంపులు పది తీయించుకోండి, పక్క నుంచి, నీటి మట్టానికి దగ్గరగా. తుంపర ఎక్కడ ఆగుతోందో, మీరు ఎక్కడ లేస్తున్నారో ఆ రెండు ఫ్రేములు వెతకండి. వాటిని ఇక్కడ పెడితే చూసి చెబుతాను.