‘యూసేజ్ కౌంట్ = 2’ దగ్గర ఆగిపోతోందా? ఎర్రర్ దారి చూడండి

మాడ్యూల్ తీసేస్తుంటే కెర్నల్ లాగ్‌లో పది సెకన్లకోసారి ‘యూసేజ్ కౌంట్ = 2’ అని వస్తోందన్నారు కదండీ. నెట్‌వర్క్ డివైస్‌ను వాడుతున్నామంటూ ఎన్ని రిఫరెన్స్‌లు పట్టుకుని ఉన్నారో చెప్పే లెక్క అది. కొత్త లినక్స్ కెర్నల్స్‌లో డివైస్ తీసేయడానికి ఆ కౌంట్ 1కి దిగితే చాలు, కాబట్టి వదలకుండా మిగిలిపోయింది (లీకైంది) ఒక్క రిఫరెన్సే. మీరు పెట్టిన కోడ్‌లో డెవ్_గెట్_బై_నేమ్ కౌంట్ పెంచుతోంది. ఎంటీయూ (గరిష్ఠ ప్యాకెట్ సైజు) చెక్ ఫెయిలైతే మాత్రం ఆ కౌంట్ తగ్గించే డెవ్_పుట్ పిలవకుండానే రిటర్న్ అయిపోతున్నారు. నా అనుమానమంతా అక్కడే.

అలాగని ఎగ్జిట్ ఫంక్షన్‌లో ఇంకో డెవ్_పుట్ తగిలించకండి. చెక్ పాసైన రోజు కౌంట్ రెండుసార్లు తగ్గి యూజ్-ఆఫ్టర్-ఫ్రీ (విడుదలైపోయిన మెమరీని మళ్లీ వాడటం) అవుతుంది, అది ఇంతకన్నా పెద్ద తలనొప్పి. ఫెయిలైన చోటే గోటూతో డెవ్_పుట్ ఉన్న లేబుల్‌కి వెళ్లండి.

అప్పటికీ తగ్గకపోతే నెట్ డివైస్ రిఫరెన్స్ ట్రాకర్ ఆప్షన్ ఆన్ చేసి కెర్నల్ బిల్డ్ చేయండి, 5.17 నుంచి ఉంది. మీ కోడ్‌లో ట్రాకర్ తీసుకునే ఫంక్షన్లే వాడాలి సుమా. అప్పుడు రిఫరెన్స్ ఎక్కడ పట్టుకున్నారో స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ల గుండా వచ్చిందో ఆ జాబితా) లాగ్‌లోనే పడుతుంది.