రంగు పూసిన రీలు, రంగు పట్టిన రీలు

తొలినాటి రంగుల సినిమా మీద తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈ వారం జవాబులు.

ప్రశ్న: మా ఇంట్లో కలంకారీ పని చేస్తాం. మూకీల రోజుల్లో ఫిలింకి కూడా కుంచెతోనే రంగులు వేసేవారట, నిజమేనా? అంత చిన్న బొమ్మకి ఎలా వేస్తారు?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: నిజమేనమ్మా. ఎడిసన్ సంస్థ 1895లో తీసిన అన్నాబెల్ నాట్యం ఫిలింకే చేత్తో రంగులద్దారు. 35 మి.మీ. ఫిలిం మీద ఒక్కో బొమ్మ సుమారు 24 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. ఎత్తు. తపాలా బిళ్లంత అనుకోండి. అడుగుకి 16 బొమ్మలు, వెయ్యడుగుల రీలుకి 16,000. పారిస్‌లో ఎలిజబెత్ త్యూలియే నడిపిన కార్ఖానాలో 200 మందికి పైగా ఆడవాళ్లు ఇదే పని చేశారు. ఒక్కొక్కరిది ఒక్కో రంగు. ఎరుపు వేసే ఆమె తన పని ముగించి రీలు పక్కకి జరిపితే, ఇంకొకామె పచ్చ అందుకునేది. ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ సినిమాల రంగులు ఆ చేతులవే. ఆయన్ని మెచ్చుకునేటప్పుడు వాళ్లనీ తలుచుకోవడం న్యాయం.

వాడింది అనిలిన్ రంగులు, అంటే రసాయనాలతో చేసిన పారదర్శక రంగులు. వెలుగు వీటిలోంచి దూరిపోవాలి, కాబట్టి ఫిలిం నల్లగా ఉన్నచోట ఎంత పూసినా కనబడవు. తెల్లటి, లేత బూడిద భాగాల్లోనే తేలతాయి. అసలు చిక్కు అంచుల దగ్గర. 24 మి.మీ. బొమ్మని 6 మీటర్ల తెర మీద వేస్తే 250 రెట్లు పెరుగుతుంది. కుంచె 0.2 మి.మీ. పక్కకి పోయిందా, తెర మీద 5 సెంటీమీటర్లు దాటిపోయినట్టే. అదీ ఒక్కో బొమ్మలో ఒక్కోలా పోతుంది కాబట్టి చీర రంగు చీర మీద నిలవక చుట్టూ అల్లాడుతుంది. పాత ఫిలింలలో కనిపించే ఆ వణుకు ఇదే.

తరవాత పాథే సంస్థ చిల్లుల పళ్లెంతో ముగ్గు వేసే పద్ధతి పట్టుకుంది. రంగుకొక ప్రింటు తీసుకుని, ఆ రంగు పడాల్సిన మేర బొమ్మ బొమ్మకీ సూదితో కోసేవారు. ఆ పట్టీని అసలు ప్రింటుకి ఆనించి మెషిన్‌లో నడిపితే, రంగులో తడిసిన మఖమల్ పట్టీ కోసిన చోటల్లా అద్దుకుంటూ పోయేది. కోతకి నెలల తరబడి పట్టినా, ఒకసారి కోశాక ఎన్ని కాపీలైనా దిగుతాయి. అందుకే ఎక్కువ కాపీలు అమ్ముడుపోయే సినిమాలకే ఇది గిట్టేది.

ప్రశ్న: టింటింగ్, టోనింగ్ ఒకటేనా?
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: కాదు. టింటింగ్ అంటే ప్రింటుని రంగునీళ్లలో ముంచడం. ఫిలిం మీది జెలటిన్ పొర అంతా రంగు పీల్చుకుంటుంది, అంటే తెల్లగా ఉన్నచోట రంగు కనిపిస్తుంది, నలుపు నలుపుగానే ఉంటుంది. రాత్రికి నీలం, దీపం వెలుగుకి పసుపు, మంటకి ఎరుపు. టోనింగ్‌లో మారేది బొమ్మలో నలుపుగా కనిపించే వెండి. కలంకారీలో కరక్కాయ పట్టిన గుడ్డకి ఇనుప నీళ్లు తగలగానే నల్లబడుతుంది కదా, అలాంటి రసాయన మార్పే ఇది. బొమ్మలోని వెండి స్థానంలో ఇనుప లవణం చేరితే నీలం, గంధకంతో గోధుమరంగు వస్తాయి. ఇక్కడ నీడలు రంగెక్కుతాయి, తెలుపు తెల్లగానే ఉంటుంది. రెండూ కలిపి, నీలి నీడల మీద గులాబీ ఆకాశం కూడా తెచ్చేవారు.

పాడయ్యేది ఎక్కువగా కడగడంలోనే. హైపో (బొమ్మ చెరగకుండా నిలిపే మందు) పూర్తిగా పోకుండా టోనింగ్ చేస్తే మచ్చలు పడతాయి. ఇనుప నీలాన్ని క్షారమున్న నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే వెలిసిపోతుంది. పైగా రంగు మారిన ప్రతిచోటా ముక్కలు అతికించాలి, అతుకు ఊడితే ఆట ఆగుతుంది. టాకీలొచ్చాక ఇంకో తంటా: టింట్ రంగు ఫిలిం అంచున ఉండే సౌండ్ ట్రాక్ మీద కూడా పడి, దాన్ని చదివే ఫోటోసెల్‌కి చేరే వెలుగుని తగ్గించేది.

ప్రశ్న: 1911 ఢిల్లీ దర్బారుని రంగుల్లో తీశారని చదివాను. అప్పటికి కలర్ ఫిలిమే లేదు కదా?
– రిటైర్డ్ టీచరు, తిరుపతి

జవాబు: తీసింది నలుపు తెలుపు ఫిలిం మీదేనండీ. పద్ధతి పేరు కినెమాకలర్, జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ తయారుచేసింది. కెమెరాలో ఎరుపు, ఆకుపచ్చ అద్దాలున్న చక్రం తిరుగుతుంటే, ఒక బొమ్మ ఎరుపులోంచి, తరవాతిది ఆకుపచ్చలోంచి పడుతుంది. ప్రొజెక్టర్‌లోనూ అలాంటి చక్రమే. క్షణానికి సుమారు 32 బొమ్మలు పరిగెత్తితే కన్ను రెండింటినీ కలిపేసుకుంటుంది. దర్బారు చిత్రాన్ని 1912 ఫిబ్రవరిలో లండన్ స్కాలా థియేటర్‌లో చూపించారు.

లోపం కూడా అందులోనే ఉంది. ఎరుపు బొమ్మకీ ఆకుపచ్చ బొమ్మకీ మధ్య క్షణంలో 32వ వంతు గడిచిపోతుంది. ఈలోపు గుర్రం కాలు కదిలితే ఒక కాలు ఎర్రగా, పక్కనే ఇంకోటి పచ్చగా కనిపిస్తుంది. నిలబడ్డ ఏనుగుకి ఏ ఇబ్బందీ లేదు. ఆపరేటరు ఫిలిం ఒక బొమ్మ అటూ ఇటూగా ఎక్కిస్తే రంగులే తారుమారవుతాయి, ఎర్ర కోటు పచ్చబడుతుంది. మామూలు మూకీకి క్షణానికి అడుగు ఫిలిం చాలు, దీనికి రెండడుగులు. మూడో రంగు లేదు కాబట్టి మంచి నీలం రాదు.

మూడు రంగులనీ ఒకే క్షణంలో, మూడు నెగెటివ్‌ల మీద పట్టింది 1932 నాటి టెక్నికలర్ కెమెరా. ప్రింటు తీసేటప్పుడు మచిలీపట్నం అద్దకంలాగే రంగుకొక అచ్చు: పసుపు, మెజెంటా (ముదురు గులాబీ), సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) ఒక్కొక్కటిగా ఒకే ఫిలిం మీద అద్దేవారు.

ప్రశ్న: మూతపడ్డ హాలులో రంగుల ఫిలిం ముక్కలు దొరికాయి. అంతా గులాబీగా మారిపోయింది. బాగవుతుందా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: పోయిన రంగు ఆ ముక్కమీదికి తిరిగి రాదు. 1950లో వచ్చిన ఈస్ట్‌మన్ కలర్ తరహా ఫిలింలలో మూడు పొరల రంగులూ ఒకే ఫిలింలో ఉంటాయి. ఆనాటి ప్రింట్లలో సయాన్ ముందు వెలిసిపోతుంది, మెజెంటా మిగులుతుంది, అందుకే ఆ గులాబీ. స్కాన్ చేసి కంప్యూటర్‌లో కొంతవరకు సరిచేయొచ్చు. తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం ‘లవకుశ’ 1963లో వచ్చింది, కాబట్టి మీకు దొరికింది ఆ తరవాతి తెలుగు సినిమా అయ్యుండొచ్చు.

ముక్కని అంచులతోనే పట్టుకోండి, తడిగుడ్డతో తుడవొద్దు. అంచున ‘సేఫ్టీ’ అని ఇంగ్లీషు అక్షరాలున్నాయేమో చూడండి. లేకపోతే నైట్రేట్ ఫిలిం కావచ్చు, భగ్గున అంటుకుంటుంది. కాల్చి చూసే పరీక్ష మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. వెనిగర్ వాసన వస్తుంటే ఆ ముక్కని మిగతావాటికి దూరంగా పెట్టండి, ఆ ఆవిరి వాటినీ పాడుచేస్తుంది. గాలి చొరబడని రేకు డబ్బా వద్దు. మన ఎండలకి అటక మీద అసలే వద్దు, ఇంట్లో అన్నిటికంటే చల్లగా, పొడిగా ఉండే గదిలో కింది అరలో పెట్టండి.