పంపు కొనకముందే ఈ ఉత్తరం చదువు

అమ్మడూ,

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచీ నా ధ్యాసంతా మీ ఇంటి మీదే ఉంది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో అంత పెద్ద ఇల్లు కట్టుకుని, ఐదు బాత్రూములు పెట్టుకుని, పై అంతస్తులో బక్కెట్టు నిండడానికి కాచుకుని కూర్చోవడమేంటి! అల్లుడు గారు ప్రెజర్ పంపు ఆర్డర్ పెట్టేస్తానంటున్నారన్నావు కదా, రెండు రోజులు ఆగమను. బాణస్వాడిలో ముప్పై ఏళ్లుగా ఇవే నీళ్లతో సంసారం చేస్తున్నాను, పంపు అన్నిటికన్నా చివర చేసే పని.

ముందు 10 లీటర్ల బక్కెట్టు తీసుకుని ఒక్కో ట్యాపు కింద పెట్టి, ఎంతసేపట్లో నిండిందో రాసుకో. ఒకే అంతస్తులో ఒక బాత్రూంలో ధారగా వచ్చి పక్క దాంట్లో సన్నగా వస్తే అడ్డు అక్కడే ఉన్నట్టు. ఇల్లంతా సన్నగానే వస్తే ట్యాంకు దగ్గర వాల్వ్ చూడాలి. కింద బాగా వచ్చి పైన రాకపోతే అది ట్యాంకు ఎత్తు చాలని సమస్య.

ట్యాపు మూతికి ఉండే జాలీ విప్పి అరచేతిలో దులిపి చూడు. మా వంటింటి ట్యాపులోంచి ఇసుక రేణువులు, గోరుతో గీరినా రాని తెల్లటి గార పెచ్చులు రాలాయి. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో ఇది మామూలే. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. షవర్ బిళ్లకీ అంతే. అడ్డొస్తోందని జాలీని పారేయకు, 2024 ఎండాకాలంలో నీటి కరువొచ్చినప్పుడు బెంగళూరు జలమండలి అపార్టుమెంట్లలో వాటిని తప్పనిసరి చేసింది, నీళ్లు బాగా ఆదా అవుతాయి.

తర్వాత వాల్వులు. మా ఇంట్లో ఒకసారి నీళ్లు తగ్గిపోతే, వచ్చిన ప్లంబరు గోడలు పగలగొట్టి పైపులన్నీ మార్చాలన్నాడు, నేను రాత్రంతా నిద్రపోలేదు. తీరా చూస్తే ట్యాంకు కింద గేట్ వాల్వ్ చక్రం హాయిగా తిరుగుతోంది కానీ లోపలి పలక దాన్ని పట్టుకునే కడ్డీ నుంచి ఊడి సగం మూసుకుని ఉంది. దాని బదులు బాల్ వాల్వ్ వేయించాం, ఆ సాయంత్రానికే నీళ్లు మామూలుగా వచ్చాయి. అందుకే గోడ మీద చెయ్యి వేయకముందు వాల్వులన్నీ చూపించు.

ట్యాంకు నుంచి దిగే పైపు సైజు కూడా అడుగు. అర అంగుళం పైపు కంటే ఒక అంగుళం పైపు మూతి నాలుగు రెట్లు పెద్దది. అన్ని బాత్రూములకీ ఒకటే సన్న పైపు వేసుంటే ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరికి నీళ్లు అందవు, ఏ పంపూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు.

ఇవన్నీ అయ్యాక పైన మాత్రమే సన్నగా వస్తుంటే అప్పుడు పంపు పెట్టించుకో. 10 మీటర్ల ఎత్తు నీటికి దాదాపు ఒక బార్ ప్రెజర్ వస్తుంది. మీ ట్యాంకు పై అంతస్తు షవర్‌కి మూడు మీటర్ల ఎత్తులో ఉందనుకున్నా వచ్చేది 0.3 బార్ మాత్రమే, నువ్వు ముచ్చటపడి కొన్న ఆ పెద్ద రెయిన్ షవర్‌కి అది చాలదు. పంపుకి పక్కనుంచి బైపాస్ లైను, దానికి నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ వేయించడం మర్చిపోవద్దు, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లకి ఇబ్బంది.

అన్నిటికంటే నాకు టెన్షన్ మీ సోలార్ వాటర్ హీటర్ గురించి. దాని ట్యాంకు మీద నిలువుగా గాలి గొట్టం ఉంటే అది ప్రెజర్ తట్టుకునే రకం కాదు, దానిలోకి పంపు నీళ్లు నెడితే ఆ గొట్టంలోంచి వేడి నీళ్లన్నీ డాబా మీదికి పోతాయి, ట్యాంకు పగిలే ప్రమాదం కూడా ఉంది. చల్లనీళ్ల లైనుకి మాత్రమే పంపు పెడితే మిక్సర్‌లో చల్లనీళ్లు వేడినీళ్లని వెనక్కి తోసేస్తాయి. సోలార్ వాళ్లని పిలిచి అడగకుండా పైసా కూడా ఖర్చు పెట్టకు. ఇంకోటి, జలమండలి వాళ్ల కావేరి లైనుకి నేరుగా మోటారు తగిలించొద్దు, అది చట్టవిరుద్ధం, పైగా పైపు ఎక్కడైనా చిల్లుపడి ఉంటే మురుగునీళ్లు లోపలికి లాగేస్తుంది. కావేరి నీళ్లు సంపులోకి వాటంతటవే పడనీ.

బక్కెట్టు లెక్కలు, ఆ సోలార్ గొట్టం ఫోటో ఇవాళే నాకు వాట్సాప్‌లో పంపు, చూసి ఫోన్ చేస్తాను.

మీ అత్త