అమ్ములపొది ఖాళీ అయిన చోట ఆగు

అమ్మణ్ణీ,

భారతం చదువుతున్నా కథే తప్ప లోపలి అర్థం తట్టడం లేదన్నావు. కురుక్షేత్రమంటే మనసు, కౌరవులంటే దుర్గుణాలు అని ఎవరో రాసిన చిట్టా పక్కన పెట్టుకుని చదువుతున్నావట. ముందు ఆ చిట్టా తీసెయ్. నూరుగురికీ నూరు పేర్లు అతికిస్తూ పోతే పరీక్షకు బట్టీ పట్టినట్టే ఉంటుంది.

మన చిత్తూరు వైపు ద్రౌపదమ్మ తిరునాళ్ళలో తపసు మాను చూశావు కదా, అర్జునుడి తపస్సు ఘట్టం ఆడడానికి నాటే ఎత్తైన మాను. అర్జునుడి వేషగాడు పద్యం పాడుతూ ఒక్కో మెట్టే ఎక్కుతాడు. పైనుంచి విసిరే నిమ్మకాయ కోసం పిల్లలు లేని ఆడవాళ్ళు కింద కొంగు పట్టుకుని నిలబడతారు. అందరికీ ఆ ఎక్కడమే గుర్తుంటుంది. నువ్వు మాత్రం అరణ్యపర్వం తీసి, తపస్సు తర్వాతి ఘట్టం నిదానంగా చదువు.

మూకాసురుడు పంది రూపంలో మీదికొస్తాడు. అర్జునుడూ కొడతాడు, కిరాతుడి వేషంలో ఉన్న శివుడూ కొడతాడు. పంది చచ్చింది, పీడ పోయింది. అయినా గొడవ మొదలైంది, ఎవరి వేట అని! శివుడి కోసం తపస్సు చేస్తున్నవాడు ఎదురుగా ఉన్న శివుడితోనే కొట్లాటకు దిగాడు. అక్షయమన్న అమ్ములపొది ఖాళీ అయింది, గాండీవం చేజారింది, కత్తి విరిగింది. చివరికి పిడికిళ్ళతో కలబడి స్పృహ తప్పాడు. లేచి మట్టితో శివుణ్ణి చేసి పూలమాల వేస్తే, ఆ మాల కిరాతుడి తల మీద కనిపించింది. ఏ అస్త్రం కోసం తపస్సు చేశాడో ఆ పాశుపతం చేతికొచ్చింది ఆ తర్వాతే.

ఈ ఘట్టం మొదటిసారి ఉత్త కథగానే చదువు, ఆ కొట్లాట మజా పోగొట్టుకోకు. మర్నాడు మళ్ళీ తీసి, ‘నా బాణమే తగిలింది’ అని నువ్వు ఎక్కడెక్కడ పట్టుబడుతున్నావో చూసుకో. ఆఫీసులో నలుగురు కలిసి చేసిన పనికి పేరు నీకే రావాలని పడే టెన్షన్ ఉందే, అక్కడ మొదలుపెట్టు. వెంటనే జవాబు రాకపోతే వదిలెయ్, కూరలు తరుగుతుంటే అదే తడుతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. మీ అత్త గాంధారిలా, మీ మేనేజరు దుర్యోధనుడిలా కనిపించడం మొదలైతే ఆ పూటకు పుస్తకం మూసెయ్.

అన్నిటినీ గుర్తులుగా మార్చేయకు కూడా. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన చోట ‘ఆమె అంటే ప్రాణశక్తి’ అని దాటేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అక్కడ ఒక ఆడమనిషికి అన్యాయం జరిగింది. ముందు తానే ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిదని నిలదీసింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని నసిగాడు. నిన్ను నువ్వు వెతుక్కోవాలంటే తల దించుకు కూర్చున్న ఆ పెద్దల వరసలో వెతుక్కో.

గీతకు తొందరపడకు. అరణ్యపర్వం చివర్లో యక్షప్రశ్నలు వస్తాయి. అక్కడిదాకా చదివి ఫోన్ చెయ్యి, ఒక్కో ప్రశ్నా తీసుకుని మాట్లాడుకుందాం.

మీ పెద్దనాయన
తిరుపతి