సర్వేకి వెళ్తే ముసలమ్మ నవ్వేసింది

ప్రశ్న: శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం కవిటి మండలంలో ఒక ఊరికి వెళ్లాం. కిడ్నీ జబ్బు గురించి అడుగుతుంటే ఒక ముసలమ్మ ‘ఏటి బాబూ, మళ్లీ రాసుకోడానికొచ్చినారా?’ అని నవ్వేసింది. ఆ రోజు నుంచి ఫారం ముట్టుకోబుద్ధి కావట్లేదు. మార్కుల కోసం వాళ్లని వాడుకుంటున్నామా?

జవాబు: కొంత అవును తమ్ముడూ. మీరు వెళ్లిన కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతమంతా కిడ్నీ జబ్బు ఎక్కువ. అక్కడికి ఇరవై ఏళ్లకు పైగా డాక్టర్లు, శాస్త్రవేత్తలు వస్తూనే ఉన్నారు, రక్తం తీసుకున్నారు, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, అయినా అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, వంశధార నీళ్లు పైపుల్లో వచ్చాయి. అవి మంచివే. కానీ తన రక్తంలో ఏముందో ఆ ముసలమ్మకి ఎవరైనా కూర్చుని చెప్పారా?

నువ్వు చేయగలిగింది అదే. రిపోర్టు కాలేజీలో ఇచ్చే ముందు అదే ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపించు, తప్పులుంటే వాళ్లే దిద్దుతారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ అంకె అంటే ఏమిటో జీడితోటకి వెళ్లేవాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. కాగితాలు సరిగ్గా లేక అందనివాళ్లు ఎవరైనా ఉంటే ఊరి సచివాలయానికి వెంట వెళ్లు. ఒక్క అర్జీ అయినా చాలు. మంచం మీద ఉన్నవాళ్లతో ఫొటోలు మాత్రం వద్దు, మీ సార్ అడిగినా సరే.

ఆ ముసలమ్మ దగ్గరికి ఈసారి ఫారం లేకుండా వెళ్లు.