కుక్కపిల్లకి పచ్చి తెల్లసొన: బొచ్చు ఎందుకు ఊడుతోంది

మూడు నెలల పిల్లకి రోజూ రెండు పచ్చి గుడ్ల తెల్లసొన పోస్తున్నామని, ఇప్పుడు బొచ్చు ఊడి బరువు ఆగిందని రాశారు కదండీ. ముందు అది ఆపేయండి. తెల్లసొనలో అవిడిన్ అనే ప్రోటీన్ చర్మానికి, బొచ్చుకి కావాల్సిన బి-విటమిన్ అయిన బయోటిన్‌ని పట్టేసుకుని పేగులో ఒంటికి పట్టనివ్వదు. 1927లోనే పచ్చి తెల్లసొన తిన్న ఎలుకల్లో ఈ చర్మపు జబ్బు చూశారు. పచ్చసొనలో బయోటిన్ బాగానే ఉంటుంది, మీరు తీసి పారేస్తున్నది అదే!

హాఫ్‌బాయిల్ చాలదు. తెల్లసొన గడ్డకట్టినా అవిడిన్ కొంత మిగులుతుంది. మరిగే నీళ్లలో 10-12 నిమిషాలు ఉంచండి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా బెడదా పోతుంది. ఉప్పు, నూనె వద్దు. ఒక గుడ్డు సుమారు 70 కేలరీలు. 5 కిలోల పిల్లకి రోజుకి సగం చాలు, మిగతాది పప్పీ ఫీడ్. గుడ్డు, అన్నంతోనే పెంచితే కాల్షియం చాలక కాళ్లు వంకర పోతాయి.

అయితే కళ్ల చుట్టూ, ముందు కాళ్ల మీద గుండ్రంగా ఊడితే గజ్జి పురుగు కావచ్చు. వెటర్నరీ డాక్టర్ చేత చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూపించండి. అది గుడ్డు మార్చినంత మాత్రాన తగ్గదు.